చలి పొద్దున పరుగు: మేము నేర్చుకున్నది

ఓ.పి.లో చీటీ కోసం వరుసలో నిలబడిన ఒక పెద్దాయన మా స్టాఫ్ నర్సును ఆపి అడిగారు. "ఏమమ్మా, మీరంతా తెల్లవారకముందే చలిలో పరుగెత్తుతారట కదా. చలికాలంలో పరుగెత్తితే గుండె ఆగిపోతుందని మా అల్లుడు టీవీలో చూశాడట. మీ డాక్టరుగారేమో వ్యాయామం చెయ్యమంటారు. ఇంతకీ ఎవరి మాట వినాలి?"

ఆ పెద్దాయనకు అక్కడికక్కడే ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరలేదు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే తీరుబడిగా ఈ పాఠం రాస్తున్నాం. పుస్తకంలో చదివి రాసేదానికంటే, మూడు చలికాలాలు పరుగెత్తి, తప్పులు చేసి, దెబ్బలు తిని తెలుసుకున్నది రాస్తే పాఠకులకు ఎక్కువ ఉపయోగమని అనుకున్నాం.

మేము నలుగురం. పైన చెప్పిన స్టాఫ్ నర్సు, ఫిజియోథెరపీ చూసే సోదరుడు, ఎక్స్‌రే గదిలో పనిచేసే తమ్ముడు, ఆఫీసులో లెక్కలు రాసే అన్నయ్య. మాలో క్రీడాకారులెవరూ లేరు. బడిలో ఖోఖో ఆడిన అనుభవం నర్సుగారికి ఒక్కరికే ఉంది. 2022లో సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు మాలో ఇద్దరికి బరువు ఎక్కువని, అన్నయ్యకు బి.పి. ఉన్నదని తేలింది. రోగులకు వ్యాయామం చెయ్యమని చెప్పే మనమే ఇలా ఉంటే ఎలాగని సిగ్గుపడి, ఆ అక్టోబరులో ఆసుపత్రి వెనుక బడి మైదానంలో నడక మొదలుపెట్టాం. నడక కాస్తా పరుగైంది.

మా ఆదిలాబాద్ వైపు ఎండాకాలం సంగతి మీకు తెలియనిది కాదు. మే నెలలో పరుగు మాట అటుంచి, పొద్దున ఎనిమిది దాటితే నడవడమే కష్టం. మంచు దేశాల్లో చలికాలం వస్తే పరుగు పందేలు తగ్గిపోతాయి. మన దేశంలో చాలావరకు పందేల కాలం చలికాలమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏదో ఒక ఊరిలో ఐదు కిలోమీటర్లో పదో ఉంటూనే ఉంటాయి. దీనికి కారణం ఉంది. పరుగెత్తేటప్పుడు కండరాలు వాడుకునే శక్తిలో నాలుగింట మూడు వంతుల దాకా వేడిగా మారుతుంది. ఆ వేడిని శరీరం బయటికి పంపాలి. చుట్టూ గాలి చల్లగా ఉంటే ఆ పని సులువు. పెద్ద మారథాన్ పందేల్లో మంచి సమయాలు సుమారు 10 డిగ్రీల చలిలోనే వస్తాయి. మనం రెండు దుప్పట్లు కప్పుకునే చలి, పరుగెత్తేవాడికి అనుకూలమైన వాతావరణమన్నమాట.

అయితే ఆ మాట పరుగు మధ్యలో ఉన్నవాడికే వర్తిస్తుంది. చలిలో ప్రమాదం మొదటి పది నిమిషాల్లో ఉంది, ఆగిపోయిన తర్వాత పది నిమిషాల్లో ఉంది. మేము రెండుచోట్లా దెబ్బతిన్నాం.

మొదటి చలికాలంలో మేము దుప్పటి తీసి, మొహం కడుక్కుని, సరాసరి రోడ్డెక్కి పరుగెత్తేవాళ్ళం. ఎక్స్‌రే తమ్ముడికి వారం తిరక్కుండానే పిక్క కండరం పట్టేసింది. మూడు వారాలు కుంటుతూ ఫిల్ములు తీశాడు. చలిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి, వాటికి రక్తం చేరడానికి సమయం పడుతుంది. ఫిజియోథెరపీ సోదరుడు అప్పటినుంచి ఒక నియమం పెట్టాడు. తలుపు వేసి ఉండగానే ఇంట్లో ఐదు నిమిషాలు నిలుచున్నచోటే అడుగులు వేయాలి, చేతులు తిప్పాలి. బయటికి వచ్చాక పది నిమిషాలు నడక. ఆ తర్వాతే మెల్లగా పరుగు. మొదట్లో ఇది వృథా శ్రమ అనిపించింది. ఆ తర్వాత మాలో ఎవరికీ పిక్క పట్టలేదు.

బట్టల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకటే మందపాటి స్వెట్టరు కంటే రెండు పలుచని పొరలు మేలు, వేడెక్కాక ఒకటి విప్పి నడుముకు కట్టుకోవచ్చు. చెవులకు, తలకు మంకీ క్యాప్ చాలు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేస్తున్నదంటే సరిగ్గా వేసుకున్నారని అర్థం. పరుగు ఆపగానే చెమటకు తడిసిన బనియను మార్చుకోండి. తడిసిన బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. మేము మొదటి డిసెంబరులో తడిసిన బట్టలతోనే టీ బండి దగ్గర అరగంట కబుర్లు చెప్పుకుని, వణుకుతూ ఇళ్ళకు చేరేవాళ్ళం.

ఊపిరి సంగతికి వద్దాం. ఇది మా నర్సుగారి సొంత కథ. పరుగు ఆపిన ఐదు నిమిషాలకు ఆమెకు పొడి దగ్గు మొదలయ్యేది. ఛాతీ బిగుసుకున్నట్టు ఉండేది, సన్నగా పిల్లికూత వినిపించేది. అరగంట, ముప్పావుగంటలో అదే తగ్గిపోయేది. "చలి పడలేదు" అని అందరం అనేశాం. అల్లం కషాయం తాగించాం. రోజూ ఆస్తమా రోగులకు నెబ్యులైజరు పెట్టే మనిషే తనకు వచ్చినదాన్ని గుర్తుపట్టలేదంటే చూడండి. చలిగాలి పొడిగా ఉంటుంది. వేగంగా ఊపిరి పీల్చినప్పుడు శ్వాసనాళాల లోపలి తేమ, వేడి రెండూ పోతాయి. కొందరిలో ఆ నాళాలు ముడుచుకుంటాయి. చిన్నప్పుడు ఆయాసం ఉండి తగ్గిందనుకున్నవారిలోనూ, మందు మానేసిన ఆస్తమా రోగుల్లోనూ ఇది ఎక్కువ. పీక్ ఫ్లో మీటరులో పరుగుకు ముందు, తర్వాత ఊదించి చూశాక డాక్టరుగారు ఆమెకు ఇన్‌హేలర్ రాశారు.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవారు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. అలవాటు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కనుక మాత్ర కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. ఏ రకం ఇన్‌హేలరు, ఎప్పుడు పీల్చాలి అన్నది మాత్రం డాక్టరునే అడగండి. పక్కింటివారిది అరువు తెచ్చుకోవద్దు. దీనితోపాటు ముక్కు, నోటి మీదుగా పలుచని మఫ్లరు చుట్టుకుంటే మనం వదిలిన ఊపిరిలోని తేమ, వేడి కొంత తిరిగి మనకే అందుతాయి. ఆమె ఇప్పుడు అలాగే పరుగెత్తుతున్నారు.

మన ఊళ్ళలో చలిగాలికి తోడు పొగ కూడా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి బరువుగా ఉండి, పొగను పైకి పోనివ్వదు. మూలమలుపుల్లో చలిమంటలు వేస్తారు. ఎండుటాకులైతే కొంత నయం, పాత టైర్లు, ప్లాస్టిక్ సంచులు వేసి కాల్చేవారూ ఉన్నారు. ఆ మంటల పక్కనుంచి పరుగెత్తడం వ్యాయామం కిందికి రాదు. మేము దారి మార్చుకుని మైదానంలోనే తిరుగుతున్నాం. మాట వచ్చింది కనుక చెబుతున్నాం: రాత్రిపూట తలుపులన్నీ మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టుకోవద్దు. ఆ బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు అన్నయ్య సంగతి. ఈ పాఠం రాయడానికి అసలు కారణం ఇదే. ఆయన అనుమతితోనే రాస్తున్నాం.

2024 జనవరి 21న జరిగే ముంబయి మారథాన్‌కు మాలో ముగ్గురం పేర్లు ఇచ్చాం. నర్సుగారు, ఫిజియోథెరపీ సోదరుడు 21 కిలోమీటర్లకు, అన్నయ్య 10 కిలోమీటర్లకు. అన్నయ్యకు అప్పటికి 49 ఏళ్ళు. జీవితంలో ముంబయి చూడలేదు. రైలు టికెట్లు ముందే తీసుకుని, ఆ కాగితాన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకుని, వచ్చినవారికల్లా చూపించేవారు.

డిసెంబరు మొదటి వారంలో చలి గట్టిగా పట్టింది. పరుగు మొదలుపెట్టిన ఐదారు నిమిషాలకు ఆయన వెనకబడేవారు. ఛాతీ మధ్యలో చెయ్యి పెట్టుకునేవారు. "ఏం లేదు తమ్మీ, గ్యాస్ పట్టినట్టుంది. రాత్రి పచ్చి పులుసు ఎక్కువైంది" అనేవారు. కొంచెం నడిచేసరికి తగ్గేది. మళ్ళీ పరుగు అందుకుంటే ఆ తర్వాత నొప్పి వచ్చేదే కాదు. ఐదు కిలోమీటర్లు హాయిగా పూర్తి చేసేవారు.

మేము ఏమనుకున్నామో దాచకుండా చెబుతాం. గుండెకు సంబంధించినదైతే పరుగెత్తేకొద్దీ పెరగాలి కదా, ఇది తగ్గిపోతున్నదంటే చలి వల్లనో, గ్యాస్ వల్లనో అయి ఉంటుందని అనుకున్నాం. ఆసుపత్రిలో పనిచేసే నలుగురం కలిసి ఈ తీర్పు చెప్పుకున్నాం. తమ్ముడు మెడికల్ షాపులో ఈనో ప్యాకెట్లు కూడా తెచ్చి ఇచ్చాడు.

అది తప్పు తీర్పు. గుండెకు రక్తం తీసుకుపోయే నాళం సన్నబడినవారిలో కొందరికి నొప్పి శ్రమ మొదట్లోనే వచ్చి, కొంచెం ఆగి మళ్ళీ కొనసాగిస్తే రాకుండా ఉండటం డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన లక్షణం. శరీరం వేడెక్కాక గుండె అదే శ్రమను కాస్త తేలికగా తట్టుకుంటుంది. నొప్పి తగ్గింది కదా అని నాళంలోని అడ్డంకి తగ్గినట్టు కాదు.

చలి ఇందులో చేసే పని ఇది. చర్మానికి చల్లగాలి తగలగానే శరీరం వేడిని లోపల దాచుకోవడానికి చేతుల్లో, కాళ్ళలో, చర్మం కింద ఉన్న రక్తనాళాలను బిగిస్తుంది. నాళాలు బిగిస్తే బి.పి. పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడికి ఎదురుగా గుండె రక్తాన్ని తొయ్యాలంటే దానికి ఎక్కువ ప్రాణవాయువు కావాలి. సన్నబడిన నాళం అంత అందించలేదు. దీనికితోడు తెల్లవారుజామున నిద్ర లేచిన కొద్ది గంటల్లో అందరిలోనూ బి.పి., నాడి వేగం సహజంగానే పెరుగుతాయి. గుండెపోట్లు ఉదయం పూట ఎక్కువగా రావడానికి అదొక కారణం. చలి, తెల్లవారుజాము, హఠాత్తు శ్రమ, ఈ మూడూ ఒక్కచోట చేరితే ఏమవుతుందో ఊహించుకోండి. పెద్దాయన అల్లుడు టీవీలో చూసిన మాటలో ఉన్న నిజం ఇదే.

డిసెంబరు మూడో వారంలో ఒకరోజు అన్నయ్య నడుస్తూ దవడ రుద్దుకోవడం నర్సుగారు చూశారు. "పన్ను నొప్పా అన్నయ్యా?" అని అడిగితే, "పన్ను కాదమ్మా, ఛాతీ పట్టేసినప్పుడల్లా ఇది కూడా లాగుతోంది" అన్నారు. ఆమె ఇంకొక మాట మాట్లాడకుండా పరుగు ఆపించి, ఆటో పిలిచి క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. దారిపొడవునా ఆయన, "నెల రోజుల్లో ముంబయి వెళ్ళాలమ్మా, ఇప్పుడు డాక్టర్లు పడుకోబెడితే ఎట్లా" అని బతిమాలుతూనే ఉన్నారట. రెండు వారాలుగా నొప్పి మెట్లు ఎక్కేటప్పుడు కూడా వస్తున్నదని, ప్రయాణం ఆగిపోతుందన్న భయంతో మా దగ్గర దాచారని అప్పుడు బయటపడింది.

ఇ.సి.జి. తీస్తే మామూలుగానే ఉంది. ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి చదవాలి. విశ్రాంతిలో తీసిన ఇ.సి.జి. బాగుంటే గుండెకు ఏమీ లేదని చాలామంది ధైర్యంగా ఇంటికి వెళ్ళిపోతారు. నొప్పి లేని సమయంలో తీసిన ఇ.సి.జి.లో నాళం సన్నబడిన సంగతి కనబడకపోవచ్చు. మా డాక్టరుగారు లక్షణాలు విని పెద్ద ఊరికి పంపించారు. అక్కడ యాంజియోగ్రామ్‌లో గుండె ముందు భాగానికి పోయే ప్రధాన నాళంలో పెద్ద అడ్డంకి కనిపించింది. అదే రోజు స్టెంట్ వేశారు. ఇంకొన్ని రోజులు ఈనో తాగుతూ పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో మాకు తెలుసు, రాయనక్కరలేదు.

కాబట్టి గ్యాస్ నొప్పికీ గుండె నొప్పికీ తేడా ఇంట్లో కూర్చుని మీరే తేల్చుకోవద్దు. మేమే తేల్చలేకపోయాం. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, చలిగాలిలోకి వెళ్ళినప్పుడు, కడుపునిండా తిన్నాక నడిచినప్పుడు ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో, పిండినట్టో, మంటగానో ఉండి, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంటే అది గుండెదే అని ముందు అనుకోవాలి. ఎడమ చేతికి, మెడకు, దవడకు, వీపుకు పాకవచ్చు. ఆడవారిలోనూ, షుగరు ఉన్నవారిలోనూ నొప్పి లేకుండా ఆయాసం, చల్లటి చెమటలు, నీరసం మాత్రమే కనిపించవచ్చు. కూర్చున్నా పది నిమిషాల్లో తగ్గని నొప్పికి 108 పిలవండి. తెల్లవారనివ్వండి, బంధువులను రానివ్వండి అని ఆగవద్దు.

షుగరు ఉన్నవారు కూడా మమ్మల్ని తరచు అడుగుతుంటారు. పరగడుపున పరుగెత్తవచ్చా అని. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు పరగడుపున పరుగెత్తకూడదు. బయలుదేరే ముందు గ్లూకోమీటరులో చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, చిన్న గ్లాసు రాగి జావో తీసుకుని వెళ్ళండి. జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చలిలో వణుకు, చెమట షుగరు పడిపోవడం వల్ల వచ్చినా చలివల్లనే అనుకునే ప్రమాదం ఉంది. ఎక్కువ శ్రమ చేసిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు కనుక ఆ రాత్రి భోజనం మానవద్దు. ఇంకొకటి పాదాలు. చలికాలంలో మడమలు పగులుతాయి. స్పర్శ తగ్గిన పాదానికి బూటు ఒరిసినా తెలియదు, చలిమంట దగ్గర కాలినా తెలియదు. ఇంటికి రాగానే సాక్సు విప్పి, అద్దం పెట్టి అరికాలు చూసుకోవడం పరుగులో భాగమే అనుకోండి.

ఇక ముంబయి. అన్నయ్య టికెట్ రద్దు చేయించి, మిగిలిన ఇద్దరూ బరువైన మనసుతోనే ఆదిలాబాద్‌లో నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. "నా కోసం ఆగిపోతే నాకు మళ్ళీ నొప్పి వస్తుంది" అని అన్నయ్యే బలవంతంగా పంపారు.

మేము చేసిన పెద్ద పొరపాటు చలికాలపు పందెం అంటే చలిలో పందెం అనుకోవడం. రెండు నెలలు 10, 12 డిగ్రీల పొడి చలిలో సాధన చేశాం. ముంబయిలో జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా 18, 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సముద్రపు గాలిలో తేమ ఉంటుంది కనుక చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అలవాటు చొప్పున లోపల థర్మల్ బనియను వేసుకుని నిలబడిన నర్సుగారికి, బాంద్రా వర్లీ సీ లింక్ దాటేసరికే తల తిరగడం మొదలైంది. పెద్దర్ రోడ్డు ఎక్కుడు దగ్గర ఆమె పరుగు ఆపి నడిచారు. మెరైన్ డ్రైవ్ చేరేసరికి ఎండ వచ్చేసింది. మిగిలిన దూరమంతా నడకే. రెండు గంటల 52 నిమిషాలకు గమ్యం చేరారు. ఆమెకు మొదట ఏడుపు వచ్చిందట, తర్వాత బుద్ధి వచ్చిందట. ఈ రెండో మాట ఆమెదే.

వేడికి శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. చలిలో కొన్ని వారాలు గడిపితే ఆ అలవాటు పోతుంది. కోస్తాలో పందేనికి వెళ్ళే తెలంగాణవారు, హైదరాబాదువారు ఇది గుర్తుంచుకోవాలి. మరుసటి ఏడాది, 2025 జనవరి 19 పందేనికి ముందు ఆమె రెండు వారాలపాటు వారానికి నాలుగు రోజులు సాయంత్రం నాలుగు గంటల ఎండలో మెల్లగా పరుగెత్తారు, థర్మల్ ఇంట్లోనే వదిలేశారు. ఈసారి పెద్దర్ రోడ్డు మీద నడవలేదు.

ఫిజియోథెరపీ సోదరుడిది వేరే తప్పు. ఎవరో చెప్పారని దాహం ఉన్నా లేకపోయినా ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా ఆగి నిండా తాగాడు. గమ్యం చేరాక తలనొప్పి, కడుపులో తిప్పడం, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోవడం. ఒంట్లో నీరు ఎక్కువై సోడియం పలచబడితే ఇలా ఉంటుంది. అది మరీ తగ్గితే మూర్ఛ, ప్రాణాపాయం కూడా వస్తాయి. 2002లో బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉందని 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. పరుగులో బరువు తగ్గకుండా పెరిగినవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. మా సోదరుడికి కొన్ని గంటల్లో సర్దుకుంది. దాహం వేస్తే తాగండి, దాహానికి మించి తాగవద్దు. చలిలో దాహం తక్కువగా తెలుస్తుంది, నిజమే. అందుకు బయలుదేరే ముందు ఒక గ్లాసు, వచ్చాక ఒకటి రెండు గ్లాసులు మనలాంటివారికి సరిపోతాయి.

చీకటిలో రోడ్డు మీద పరుగెత్తేవారికి ఒక మాట. 2000లో 89 ఏళ్ళ వయసులో మొదటి మారథాన్ పరుగెత్తి, 2013 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో 10 కిలోమీటర్ల ఆఖరి పందెం పూర్తి చేసిన ఫౌజా సింగ్ గారు 2025 జులైలో, 114 ఏళ్ళ వయసులో, పంజాబ్‌లోని తమ ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మరణించారు. అది పొగమంచూ కాదు, చీకటీ కాదు, పట్టపగలు. అలాంటప్పుడు డిసెంబరు పొగమంచులో నల్ల స్వెట్టరుతో, చెవుల్లో పాటలతో రోడ్డు మీద పరుగెత్తడం ఎంత తెలివితక్కువో ఆలోచించండి. మైదానం ఉంటే మైదానానికి వెళ్ళండి. లేకపోతే తెల్ల బట్టలు వేసుకుని, ఎదురుగా వచ్చే బళ్ళు కనిపించేలా రోడ్డుకు కుడివైపున ఉండండి.

చలిమంటల బూడిదలో పడుకునే కుక్కలు కూడా ఆ సమయంలోనే లేస్తాయి. వెంటపడితే పరుగు ఆపి కదలకుండా నిలబడటమే మంచిది. ఎక్స్‌రే తమ్ముడు పరుగు పెంచాడు, కరిపించుకున్నాడు. వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, 0, 3, 7, 28 రోజుల్లో టీకాలు వేయించాం. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టవద్దు.

పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోవా అని అడిగే తల్లులకు: 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, సరదాగా పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. పరుగెత్తకుండా కూర్చునేవారిలో అది 10.2 శాతం. అయితే పోటీల్లో పాల్గొనే గట్టి పరుగువారిలో 13.3 శాతం. అంటే మితమే మందు. ఇప్పటికే మోకాళ్ళు అరిగినవారు మాత్రం నడకకే పరిమితం కావడం మంచిది.

ఇంతకీ పెద్దాయనకు ఇచ్చిన జవాబు. 40 దాటినవారు, బి.పి., షుగరు, పొగతాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారున్నవారు పరుగు మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్షించుకోవాలి. గుండె జబ్బు ఉన్నవారు చలికాలంలో సూర్యుడు వచ్చాకే బయటికి రావాలి. వేగం ఎంతంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. బి.పి. మాత్ర చలికాలంలో మానవద్దు, చలికి బి.పి. పెరిగితే మోతాదు మార్చవలసి రావచ్చు కనుక డిసెంబరులో ఒకసారి చూపించుకోండి. ఆయన అంతా విని, "అయితే నన్ను నడవమంటారా, వద్దంటారా?" అన్నారు. నడవమన్నాం, ఏడు గంటలకు.

ఆ సమయంలో మైదానంలో అన్నయ్య ఉంటారు. స్టెంట్ వేశాక గుండె డాక్టరుగారి సలహాతో మెల్లమెల్లగా మొదలుపెట్టి, ఇప్పుడు వారానికి ఐదు రోజులు ముప్పావుగంట నడుస్తున్నారు. రెండు రకాల మందులు రక్తం గడ్డకట్టకుండా వాడవలసి ఉంటే ఏడాదిలో ఒక్కపూట కూడా మానలేదు. చొక్కా ఎడమ జేబులో పది చింతగింజలు పెట్టుకుని వస్తారు. ఒక్కో చుట్టు పూర్తి కాగానే ఒక్కో గింజ కుడి జేబులోకి మారుస్తారు. లెక్కల మనిషి కదా, నోటి లెక్క నమ్మరు. రద్దయిన ముంబయి టికెట్ కాగితం ఇంకా ఆ లెక్కల పుస్తకంలోనే ఉంది. బిల్లు కట్టడానికి కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు ఎవరైనా ఛాతీ రుద్దుకుంటూ గ్యాస్ అంటే, ముందు ఆ కాగితం తీసి చూపించి, తర్వాత ఇ.సి.జి. గదికి దారి చూపిస్తున్నారు.